ఏడు తెల్లచీరలు

మా వీధిలో ఎవరు విశాఖపట్నం వెళ్ళొచ్చినా ముందు సముద్రం సంగతి చెబుతారు, తరవాత సింహాచలం సంగతి చెబుతారు. నేను ఐదు రోజులున్నాను. కొండెక్కలేదు, నీళ్ళలో కాలు పెట్టలేదు. "మరేం చూశావే అక్కడ?" అని మా అత్తగారు అడిగితే, ఏడుగురు కన్యస్త్రీలు చీర కట్టుకోవడం చూశానన్నాను. ఆవిడ నా వంక అదోలా చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. సగం చెప్పి ఊరుకుంటే నాకు నిద్ర పట్టదు, అందుకని మొత్తం ఇక్కడ రాసేస్తున్నాను.

నాది ఏలూరు, పేరు రాజ్యలక్ష్మి. ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. చిన్నప్పుడు ఐదేళ్ళు కన్యస్త్రీల హాస్టల్లో ఉండి చదువుకున్నాను. చదువు అబ్బలేదు కానీ అక్కడ సిస్టర్ ఫిలోమినా చేతికిచ్చిన సూదిని మాత్రం వదల్లేదు. నాలుగేళ్ళ కిందట మా ఆయన పోయాడు. అప్పట్నుంచీ నాకు ఒకచోట కాలు నిలవదు. మిషను దగ్గర కూర్చుంటే వీధిలోకి వెళ్ళాలనిపిస్తుంది, వీధిలోకి వెళితే ఇంట్లో ఏదో మర్చిపోయినట్టుంటుంది. ఎవరెక్కడికి రమ్మన్నా సంచీ సర్దేస్తాను.

ఈసారి రమ్మన్నది విశాఖపట్నం మఠంలోని మదర్. "మా సంస్థలో ఇకమీదట గౌనుకు బదులు చీర కట్టుకోవచ్చని పెద్దల అనుమతి వచ్చింది. వచ్చే ఆదివారం పూజకి అందరం చీరల్లోనే వెళదామనుకున్నాం. నలుగురు చిన్నవాళ్ళకి అలవాటే. ముగ్గురం పెద్దవాళ్ళం ముప్ఫయ్యేళ్ళ కిందట విడిచిపెట్టాం, మర్చిపోయాం. నువ్వొచ్చి జాకెట్లు కుట్టి, కట్టడం నేర్పాలి" అని రాసింది. కింద ఇంకో నాలుగు వరసలున్నాయి. సిస్టర్ ఫిలోమినా చీర కట్టనంటోందట. కట్టనివాళ్ళు హైదరాబాదు వైపున్న ముసలి సిస్టర్ల ఇంటికి మారాలి, అక్కడింకా గౌనే. సోమవారం బండికి ఆవిడకి టిక్కెట్టు కూడా తీశారట. "ఇరవయ్యేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంది. పంపడం మాకిష్టం లేదు. తన దగ్గర కుట్టు నేర్చుకున్నదానివి, నీ మాట వింటుందేమో" అని ముగించింది.

నా మాట మా ఇంట్లో పిల్లి కూడా వినదు. అయినా బయల్దేరాను.

వాల్తేరు స్టేషన్

బుధవారం పొద్దున దిగాను. రిక్షా అతను పాతూరి మఠానికి ఐదు రూపాయలన్నాడు. మా ఏలూరులో ఐదు రూపాయలకి ఊరంతా తిప్పి ఇంటి దగ్గర దింపుతారని నేనన్నాను. "అయితే ఏలూరు రిచ్చా ఎక్కండమ్మా" అన్నాడతను శాంతంగా. నాలుగుకి కుదిరింది. హార్బరు వైపు తిరిగేసరికి గోడలు, ఆకులు, దండేల మీద గుడ్డలు అన్నీ ఎర్రగా ఉన్నాయి. ఓడల్లోకి ఎత్తే ఇనప రాతిపొడి గాలికి లేచి ఊరి మీద పడుతుందట. "ఈ ఊళ్ళో తెల్లగుడ్డ కట్టినోలు ఆ సిస్టరమ్మలొక్కలే. ఉతికిందే ఉతుకుతారు పాపం" అన్నాడు. అక్కడున్న ఐదు రోజుల్లో నా బూడిదరంగు చీరలు కూడా అంచుల దగ్గర ఎర్రబడ్డాయి.

తలుపు తీసింది సిస్టర్ ఫిలోమినాయే. హాస్టల్లో ఆవిడ ఎత్తుగా ఉండేది. ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది. గౌను మాత్రం అదే, మడత నలగకుండా. ఆవిడ ముందు నా నుదుటి వైపు చూసింది. బొట్టు లేకపోవడం చూసి ఏమీ అడగలేదు. "చిక్కిపోయావు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఇంకా నాలుక కొరుక్కుంటున్నావా?" అంది. కొరుక్కుంటున్నానన్నాను.

మధ్యాహ్నం భోజనంలో మొదటి తప్పు చేశాను. అక్కడ తినేటప్పుడు మాటలుండవు. ఒకావిడ నిలబడి పుణ్యాత్ముల కథ చదువుతుంటే మిగతావాళ్ళు తింటారు. పులుసులో ఉప్పు చాలక "ఉప్పు" అన్నాను, మామూలుగా ఇంట్లో అడిగినట్టే. చదివే ఆవిడ ఆగిపోయింది. ఆరు ముసుగులు నా వైపు తిరిగాయి. ఉప్పు కావాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలిపినట్టు చూపించాలట. చేపల పులుసు మాత్రం ఉప్పు పడ్డాక అమోఘంగా ఉంది.

కుట్టుగది

గురువారం పని మొదలుపెట్టాం. హాస్టల్లో ఐదేళ్ళున్నా, సిస్టర్ల గౌను లోపల ఏముంటుందో నాకప్పటిదాకా తెలియదు. లోపల పొడుగు లంగా, దాని మీద మడమల దాకా గౌను, భుజాల చుట్టూ కేపు, నడుముకి నల్ల నడికట్టు, దానికి వేలాడే జపమాల, తలకి బిగుతుగా తెల్లటోపీ, నుదుటికి అడ్డంగా గంజి పెట్టిన పట్టీ, అన్నిటి మీదా ముసుగు. వేసుకునేటప్పుడు ఒక్కో గుడ్డకీ ఒక్కో జపం ఉంది. మదర్‌కి వచ్చిన మొదటి సందేహం, చీరకి ఏ జపం చెప్పాలని. "కుచ్చిళ్ళు ఎన్ని?" అనడిగింది. ఏడన్నాను. "అయితే కుచ్చిలికో మరియమ్మ జపం" అని తేల్చేసింది. ఆ లెక్కన ఆవిడ చీర కట్టడానికి మా ఇంట్లో పెళ్ళికూతురికి పట్టినంతసేపు పట్టింది.

మదర్ గుంటూరు వైపు మనిషి, భారీ విగ్రహం. ముప్ఫయ్యేళ్ళు గౌనులో అంగలు వేసి నడిచిన కాళ్ళవి. చీరలో మొదటి అడుగుకే కుచ్చిళ్ళు ఊడి కాళ్ళ మీద పడ్డాయి. చేతులదీ ఓ సమస్యే. గౌనుకి వెడల్పు చేతులుంటాయి, ఖాళీగా ఉన్నప్పుడు చేతులు వాటిలో దాచుకునేవారు. ఇప్పుడు దాచుకునే చోటు లేక, బస్సులో సంచీ పోగొట్టుకున్నవాళ్ళలా చేతుల వైపు చూసుకుంటూ నిలబడ్డారు. ఇద్దరు పెద్దవాళ్ళూ నుదుటి పట్టీ తీసినప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. ఎండకి మాడిన ముఖాల్లో ఆ నుదుళ్ళు రెండు వేళ్ళ వెడల్పున పాలిపోయి పసిపిల్లలవిలా ఉన్నాయి. మా ఊళ్ళో ఆడవాళ్ళు రోజంతా చూపించుకునే చోటది.

జుట్టు అందరికీ కురచే. నెలకోసారి శనివారం, ఇదే కుట్టుగదిలో, ఒకరికొకరు కత్తిరించుకుంటారు. తలకి రెండు చుక్కల కొబ్బరినూనె. పౌడరు లేదు. స్నానం కూడా ఒంటి మీద పలచటి గుడ్డతోనే. అద్దం అసలే లేదు. అద్దం లేకుండా చీరెలా కడతారని నేను నా సంచీలోంచి అరచెయ్యంత అద్దం తీసి కిటికీ ఊచకి తగిలించాను. మదర్ చూసింది కానీ తియ్యమనలేదు. "మాకు ఒకరికొకరమే అద్దం" అంది. నిజంగానే ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి, ఎడమ పక్క దిగింది, కుడి పక్క లాగు అని చెప్పుకుంటున్నారు. భోజనానికి వెళ్ళొచ్చేసరికి అద్దం గోడ వైపు తిరిగి ఉంది. సాయంత్రానికి మళ్ళీ ఇటు తిరిగి ఉంది. ఎవరు తిప్పారని నేనడగలేదు.

చిన్నవాళ్ళలో రోసిలీ అనే మలయాళీ పిల్ల ఉంది. ఆ వారం వంట వంతు తనది. పసుపు చేతులు కొత్తచీరకి తుడిచేసుకుని, సబ్బు పట్టుకుని పరిగెత్తింది. మూల కూర్చుని అందరి జాకెట్లకీ కాజాలు కుడుతున్న సిస్టర్ ఫిలోమినా తలెత్తకుండానే, "సబ్బు పెట్టకు. పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. ఉత్తినీళ్ళలో జాడించి ఎండలో పడెయ్, రెండు ఎండలకి అదే పోతుంది. నీడన ఆరేశావా, ఏళ్ళ తరబడి ఉంటుంది" అంది.

అందరి కాజాలూ ఆవిడే కుట్టింది. తన కొలతలు మాత్రం ఇవ్వలేదు. టేపు పట్టుకుని వెళితే, "నాకెందుకు? సోమవారం వెళ్ళిపోయేదాన్ని" అంది. నేను ఆవిడ పాత గౌను ఒకటి తెచ్చుకుని కంటి అంచనాతో కత్తిరించాను.

ఖాదర్ సాహెబు కొట్టు

సిస్టర్లు ఒంటరిగా బయటికి వెళ్ళకూడదు, ఇద్దరు ఉండాలి. శుక్రవారం సిస్టర్ ఫిలోమినా జాలరిపేటలో కుట్టు క్లాసుకి వెళుతుంటే నన్ను రెండో మనిషిగా పంపించారు. మదర్ నన్ను పక్కకి పిలిచి, ఏడో చీర ఇంకా కొనలేదు, దారిలో కొనుక్కురా, అంచు ఉండకూడదు, తెల్లది, అందరిలాంటిదే అంది. నేను సిస్టర్‌తో హుక్కులు కొనాలని చెప్పి పాతూరి బజారుకి తీసుకెళ్ళాను. అబద్ధం ఆడాను. నాకు తెలివితేటలు ఎక్కువైనప్పుడల్లా ఇలాగే అవుతుంది.

ఖాదర్ సాహెబు గడ్డం నెరిసిన పెద్దమనిషి, సరదా మనిషి. హుక్కుల దగ్గర నాతో పావుగంట బేరమాడాడు, ఏలూరు వాళ్ళు డబ్బాలో గాలి కూడా తూకం వేయించుకుంటారన్నాడు. అప్పుడు నేను తెల్ల మల్లు చీర ఒకటి కావాలన్నాను. ఆయన నా నుదుటి వైపు చూశాడు. నవ్వు పోయింది. గొంతు తగ్గించి, "ఎప్పుడైందమ్మా?" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన చీర మడిచి కాగితంలో పెట్టి, "దీనికి బేరం వద్దు బేటీ, కొన్న ధరకే ఇస్తున్నా. ఇట్లాంటి చీర మీద లాభం తినను" అన్నాడు.

"నాక్కాదు సాబ్, సిస్టర్ గారికి" అన్నాను కంగారుగా.

"సిస్టరమ్మకా?" ఆయన ఆవిడ గౌను వైపు చూసి నొచ్చుకున్నాడు. "తౌబా, ఆమె నిక్షేపంగా ఉంటే ఈ చీర ఎందుకమ్మా?"

వెనక్కి తిరిగి చూస్తే సిస్టర్ ఫిలోమినా కొట్లో లేదు. బయట ఎండలో నిలబడి ఉంది.

జాలరిపేట

దారి పొడుగునా ఆవిడ నాకు రెండడుగుల ముందే నడిచింది. నేను రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లు మానేశాను. పొట్లం నా చంకలో ఉంది, పారేద్దామంటే పారెయ్యలేను.

ఒడ్డున తాటాకు పాకలో పన్నెండు మంది ఆడపిల్లలు కూర్చుని ఉన్నారు. తెప్పలు, ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు, వాసన. ఆ పిల్లల తల్లులు చేపలమ్మి వచ్చి చోడి అంబలి, అంటే రాగిజావ, తాగుతూ మాకూ పోశారు. మా వైపు దీన్ని జ్వరం వచ్చినవాళ్ళకి కూడా పొయ్యరు, కానీ ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగితే ఎండకి ప్రాణం లేచొచ్చింది. గౌరమ్మ అనే ఆవిడ గంప దించి సిస్టర్ పక్కన చతికిలబడింది.

"సిస్టరమ్మా, మీ మటంలో అందరూ సీరలు కడతన్నారంట గదా. మాలాగ గోసీ పెట్టి కట్టండి, బస్సు ఎనకాల పరిగెట్టొచ్చు" అంది. అందరూ నవ్వారు. అప్పుడు గౌరమ్మ నవ్వు ఆపేసి, "మీరు సోమారం ఎల్లిపోతన్నారంట. మరి మా పిల్లల సంగతేటి? సగం జాకిట్టు కాడ ఒదిలీసి పోతారేటి?" అంది.

సిస్టర్ పిల్లల కుట్లు చూసి, ఒకదానిది విప్పించి మళ్ళీ కుట్టించింది. అయిపోయాక తిరగేసి పెట్టిన పడవ నీడలో కూర్చుంది. నాతో ఎప్పుడూ పుస్తకంలోలా మాట్లాడే మనిషి, ఆ పూట తన ఊరి మాటలో మాట్లాడింది.

"మా అయ్య పోయేసరికి నాకు ఎనిమిదేల్లు. తమ్ముడు సంకలో పిల్లడు. అమ్మకి ఇరవయ్యారు. పదోనాడు దానికి తెల్లసీర కట్టారు. ఆ కాడ్నించి మా అమ్మని ముందుకి పిలిసినోలు నేరు. ఊల్లో పెల్లంటే ఇది పిండి రుబ్బాల, పెల్లికూతురికి పసుపు రాసినప్పుడు గోడవార కూకోవాల. నన్ను సిస్టర్ల కాడ దింపడానికి ఎల్లినప్పుడు కూడా ఎవులికీ ఎదురు రాకూడదని పొలాలమ్మట తీసుకెల్లింది."

చేతిలో పొట్లం బరువుగా ఉంది.

"నాను ఈ గౌనేసుకుని ఊరెల్తే మునసబు లెగిసి నిలబడ్డాడు. మా అమ్మ బతికుండగా అది సూసింది. ఎల్లుండి ఆదివారం గోపాలపట్నంలో మా తమ్ముడి కూతుర్ని పెల్లికూతుర్ని సేత్తన్నారు. మేనత్తని, తొలి పసుపు నాది. ఆలు హిందువులైనా ఇన్నేల్లూ ప్రతి శుబానికీ నన్నే ముందు పిలిసినారు. ఈ సీరలో ఎల్తే ఏటవుద్దో ఆ సాయిబు సెప్పీసినాడు గదా. నాను మా అమ్మ సీర కట్టుకోను రాజ్యం. పోమంటే పోతాను."

నాకు జాలి రావాలి. కోపం వచ్చింది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఆ సాయిబు ఆ చీర ఎవరికనుకున్నాడు సిస్టర్?" అన్నాను. "నాకు. మా అత్తగారు కొన్న తెల్లచీర నాలుగేళ్ళుగా నా పెట్టె అడుగున ఉంది. కట్టుకోలేదు, పారెయ్యనూ లేదు. మధ్యలో బూడిదరంగులు కట్టుకుని తిరుగుతున్నాను. మీకు హైదరాబాదు బండి ఉంది, ఎక్కి పోతారు. నేనెక్కడికి పోను?"

ఆవిడ నా వైపు చూసింది. ఆ క్షణం దాకా నా సంగతి ఆవిడకి తట్టనే లేదని ముఖంలో తెలిసిపోయింది. తిరిగొచ్చేటప్పుడు మా మధ్య ఇద్దరు మనుషులు పట్టేంత దూరం ఉంది.

నంబర్లు

శనివారం పొద్దున్నించీ ఓడల కూతలు. నేను వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తూనే ఉన్నాను. మర్నాటికి ఏడో చీర సంగతి తేలాలి. జాకెట్టు కుట్టాను, చీర మడిచి సిస్టర్ ఫిలోమినా మంచం మీద పెట్టాను. ఆవిడ దాన్ని తీసి కుర్చీ మీద పెట్టింది.

సాయంత్రం గుడిలో ఒకసారి నడిచి చూసుకుందామంది మదర్. ఆరుగురూ ముస్తాబై, తలల మీద చిన్న ముసుగులు పెట్టుకుని వరసగా ముందుకు నడిచారు. కుచ్చిళ్ళు నిలబడ్డాయి, చేతులు జపమాల పట్టుకోవడం నేర్చుకున్నాయి. నేను తృప్తిగా వెనక నిలబడి చూస్తున్నాను. అప్పుడు వాళ్ళ వీపులు కనిపించాయి. తెల్లటి కొంగుల మీద, భుజం దిగువన, ఎర్రదారంతో 9, 11, 17, 3. అచ్చం వాల్తేరు స్టేషన్లో కూలీల వరస.

మఠంలో బట్టలన్నీ ఒకలాంటివే కనక, చాకలిలో కలిసిపోకుండా ప్రతి గుడ్డ మీదా మనిషి నంబరు ఎర్రదారంతో కుడతారు. హాస్టల్లో నాది 62. గౌనుకయితే మెడ లోపల, పైకొసన కుట్టేవారు. చీరకి పైకొస ఏదంటే వీళ్ళకి పైటకొంగు అనిపించింది, శ్రద్ధగా పెద్ద పెద్ద అంకెలు కుట్టేశారు. మామూలుగా నంబర్లు కుట్టించే సిస్టర్ ఫిలోమినా ఈసారి చెయ్యి వెయ్యలేదు కదా, చెప్పేవాళ్ళు లేకపోయారు.

నేను గుడని కూడా చూడకుండా నవ్వి నవ్వి బల్ల మీద కూలబడ్డాను. గుమ్మం దగ్గర ఇంకో నవ్వు వినిపించింది. సిస్టర్ ఫిలోమినా తలుపు పట్టుకుని నవ్వుతోంది, కళ్ళలో నీళ్ళొచ్చేలా. మదర్ వెనక్కి తిరిగి, "ఏమైంది?" అంది, వీపు మీద 3తో.

ఆరు చీరల నంబర్లూ మేమిద్దరమే విప్పాం. మల్లు గుడ్డ, గట్టిగా లాగితే చిరుగుతుంది. ఆవిడంత మెత్తగా విప్పే చెయ్యి నేనింకెక్కడా చూడలేదు. ఆరూ అయ్యాక కుర్చీ మీది ఏడోది తీసుకుంది. దాని కొంగు మీద కూడా మదర్ తన చేత్తో 14 కుట్టి పెట్టింది, ఆశ కొద్దీ. ఆవిడ ఆ చీర ముట్టుకోవడం అదే మొదలు.

"నిన్ను పెళ్ళిళ్ళకి పిలుస్తారా?" అంది సూది ఆపకుండా.

"పిలుస్తారు. వెళ్ళి వెనక కూర్చుంటాను."

"కూర్చోమని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. అనకముందే కూర్చుంటే బాధ తక్కువ కదా అని."

ఆవిడ 14 పూర్తిగా విప్పి, బొడ్లో దోపుకునే లోపలి కొసన మళ్ళీ కుట్టింది, చిన్నగా. దారం కొరికి, "నిన్న నీ గురించి ఆలోచించలేదు, తప్పయింది. రేపు నాతో గోపాలపట్నం రా" అంది. ఏం కట్టుకొస్తుందో చెప్పలేదు. అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

గోపాలపట్నం

ఆదివారం గంట కొట్టేసరికి ఆరుగురూ వరండాలో నిలబడ్డారు. మదర్ చూపంతా సిస్టర్ ఫిలోమినా గది తలుపు మీదే ఉంది. నా కాళ్ళు మామూలే, గుమ్మంలోకి ఓసారి, మెట్ల మీదికి ఓసారి. తలుపు తీసుకుని సిస్టర్ ఫిలోమినా చీరలో వచ్చింది. ఎవరూ నేర్పలేదు, అద్దంలో చూడలేదు, జపం లెక్క చూసుకోలేదు. మడమల పైకి, పొలం పనికి వెళ్ళే మనిషిలా బిగించి కట్టింది. నుదురు రెండు వేళ్ళ వెడల్పున తెల్లగా ఉంది. మదర్ కొంచెం కిందికి దించమంది. "మా అమ్మ ఇలాగే కట్టేది. నాకు ఇదే వచ్చు" అని ఆవిడ గుడి వైపు నడిచింది.

మధ్యాహ్నం బస్సులో గోపాలపట్నం వెళ్ళాం. ఆవిడ తమ్ముడు సత్యం పోర్టులో పనిచేస్తాడు. కాబోయే అల్లుడికి కొత్తగా వచ్చే ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగమట, క్వార్టరు కూడా ఇస్తారని దారిలో రెండుసార్లు చెప్పింది. ఇల్లు దగ్గరవుతున్నకొద్దీ ఆ మాటలు కూడా మానేసింది.

గుమ్మంలో సత్యం సంచీ అందుకోబోయి ఆగిపోయాడు. ఆయన భార్య సూరమ్మ పసుపు గిన్నెతో బయటికొచ్చింది. వదినని చూసింది, చీర చూసింది, తరవాత నా నుదురు చూసింది.

"ఓలమ్మ, వదినా, ఇదేటి ఇలగొచ్చీసినావు?"

"మా మటంలో అందరం ఇదే కడతన్నాం సూరమ్మా."

"అలగా." సూరమ్మ చెడ్డ మనిషి కాదు. కూతురి పెళ్ళి అనేసరికి ఎవరికైనా భయమే. గిన్నె కొంగు కింద పెట్టుకుని, "ఎండన పడొచ్చినారు, ఆ గోడవార నీడగా ఉంటాది, కూకోండి. మజ్జిగ అంపిత్తాను" అంది.

కూర్చున్నాం. మజ్జిగ వచ్చింది. హాల్లో పీట మీద పెళ్ళికూతురు వరాలుని కూర్చోబెట్టారు. ఒక్కో ముత్తయిదువా వెళ్ళి బుగ్గలకి, చేతులకి, పాదాలకి పసుపు రాస్తోంది. నేను లెక్కపెట్టాను. ముగ్గురు, ఐదుగురు, తొమ్మిది మంది. మావైపు ఎవరూ చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతున్నారో తెలుస్తూనే ఉంది. నా అరికాళ్ళు మండిపోతున్నాయి. వద్దని ఊరుకున్న మనిషిని నేనే చీర కట్టించి, బస్సెక్కించి ఇక్కడికి తెచ్చాననిపించింది. లేచాను. సిస్టర్ నా మణికట్టు పట్టుకుని కిందికి లాగింది. చిన్నప్పుడు క్లాసులోంచి పారిపోబోతే పట్టుకున్న పట్టే అది.

"కూకో. కుట్టు మజ్జిలో లెగవద్దని సెప్పాను గదా" అంది మెల్లిగా. కాసేపు హాల్లోకి చూసి, "మా అమ్మ ఇలగే కూకునీది. ఇక్కడ్నించి పెల్లికూతురి ఈపే కనిపిత్తాది, మొకం కనపడదు. నాకియ్యాలే తెలిసింది" అంది.

నాకు ఏడుపొచ్చింది. గ్లాసు అడ్డం పెట్టుకుని మజ్జిగ తాగినట్టు నటించాను.

అందరిదీ అయిపోయింది. "ఇంక లెగమ్మా, తానానికి" అంది సూరమ్మ. వరాలు లేవలేదు.

"అత్త రాయలేదు" అంది.

"తరవాత రాస్తాది లే."

"తరవాతేటమ్మా? నాకు టైఫాడొచ్చినప్పుడు పక్కన కూకున్నది అత్తే గదా. అప్పుడెవులూ తరవాత అన్నేదు." ఆ పిల్ల పీట మీంచి లేచి, పసుపు కాళ్ళతో హాలంతా నడిచి వచ్చి, గోడవార మా ముందు వట్టి నేల మీద కూర్చుంది. గచ్చు మీద అడుగులు పడ్డాయి. సూరమ్మ గిన్నె పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడింది. తరవాత వచ్చి, ఆడపడుచు ముందు గిన్నె పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

సిస్టర్ ఫిలోమినా వరాలు ముఖాన్ని తనవైపు తిప్పుకుని తీరిగ్గా చూసింది. రెండు బుగ్గలకీ రాసింది, పాదాలకి రాసింది, తల మీద చెయ్యి పెట్టి తన జపం చెప్పుకుంది. ఆపైన నావైపు చూడకుండానే నా చెయ్యి పట్టుకుని గిన్నెలో ముంచింది. నాలుగేళ్ళయింది నేను ఏ పెళ్ళికూతుర్నీ ముట్టుకుని. రాశాను.

వరాలు లేస్తూ అత్తని గట్టిగా కావలించుకుంది. వదిలేసరికి తెల్లచీర భుజం మీద రెండు అరచేతులు, పది వేళ్ళు, పచ్చగా దిగాయి.

"సబ్బు పెట్టకండి" అన్నాను అలవాటుగా.

"నాకు నువ్వు చెబుతున్నావా?" అంది సిస్టర్.

మళ్ళీ ఏలూరు

సోమవారం మదర్ ఆ హైదరాబాదు టిక్కెట్టు వెనక్కి ఇచ్చేయించింది. స్టేషన్‌కి నేనొక్కదాన్నే వెళ్ళాను. సిస్టర్ ఫిలోమినాకి జాలరిపేటలో క్లాసుంది మరి. నా గోళ్ళలో పసుపు రాజమండ్రి దాటినా అలాగే ఉంది.

ఇంటికొచ్చిన మర్నాడు పెట్టె అడుగున ఉన్న తెల్లచీర తీసి కత్తిరించాను. ఎనిమిది జాకెట్లకి లైనింగు వచ్చింది. మా అత్తగారు గుమ్మంలో నిలబడి చూసింది. "గుడ్డ మంచిదే" అని మాత్రం అంది.

మొన్న రోసిలీ దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. వచ్చీరాని తెలుగులో చాలా సంగతులు రాసింది. నా అద్దం అక్కడే మర్చిపోయానట, తిప్పి పంపమంటారా అని అడిగింది, పంపాలని లేనట్టు కూడా తెలుస్తోంది. మదర్ ఇప్పుడు కుచ్చిళ్ళు ఒక్క జపంలో ముగించేస్తోందట. గౌరమ్మ కూతురు జాకెట్టు పూర్తి చేసిందట. చివర్లో ఇలా రాసింది: "సిస్టర్ ఫిలోమినా చీరకి నంబరు దారం ఊడిపోయింది. మళ్ళీ కుట్టలేదు. ఆ పసుపు చేతులు చూస్తే ఎవరిదో అందరికీ తెలుసు కదా. మూడు నెలలైనా మరక పోలేదు అక్కా. మేం ఎండలో ఆరేస్తే ఆవిడ వచ్చి తీసుకెళ్ళి నీడలో వేసుకుంటోంది."